ముందు నోటుబుక్కు, ఆ తర్వాతే దరఖాస్తు: మంచాన పడ్డ మాజీ సైనికుడికి ఇంటి దగ్గర సాయం అడగడం ఎలా

వైకల్యం శాతం తేల్చే సదరం క్యాంపులో డాక్టరు గారిని చూడగానే మా మిలటరీ మావ బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడ్డాడు. పక్షవాతం వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పని చెయ్యవు. కుడి చేత్తో సెల్యూట్ కొట్టాలని బల్ల వదిలేశాడు, పడబోయాడు, వెనక నుంచి నేను నడుం పట్టుకున్నాను. "నడుస్తారా?" అని డాక్టరు గారు అడిగితే "నడుత్తాను సార్, ఏటీ ఇబ్బంది లేదు" అన్నాడు. పక్కన అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. కాగితం మీద అదే పడింది, నడుస్తాడని. శాతం అయితే వచ్చింది గానీ, మంచానికే పరిమితమైన వాళ్లకిచ్చే పింఛను రాలేదు.

ఆ పూట ఇంటికొచ్చాక ఆయన్ని దొడ్డికి తీసుకెళ్లడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి హవల్దారుగా రిటైరయ్యాను. మాది సోంపేట దగ్గర ఊరు. మంచాన పడ్డ మాజీ సైనికులున్న ఇళ్లకి వెళ్లి కాగితాలు సర్దిపెట్టడం కొన్నేళ్లుగా నాకొక పనైపోయింది. డబ్బులు తీసుకోను, టీ ఇస్తే తాగుతాను. మావ విషయంలో మాత్రం నాదే తప్పు. ఫారం అంతా నింపాను, ఆధార్ జిరాక్సులు తీశాను, స్లాట్ బుక్ చేయించాను. ఇంట్లో ఆయన రోజు ఎలా గడుస్తోందో ఒక్క ముక్క రాసుకోలేదు. అప్పట్నుంచి ఎవరింటికెళ్లినా ముందు నోటుబుక్కు తీస్తాను. ఫారం సంగతి తర్వాత.

ఒక పగలు, ఒక రాత్రి

ఆసుపత్రుల్లో బార్తెల్ ఇండెక్స్ అని ఒక కొలత ఉంది. 1965లో అచ్చయిన పట్టిక, పక్షవాతం రోగులకి ఇప్పటికీ వాడతారు. మొత్తం వంద మార్కులు, పది పనులు. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి 15, నడకకి 15. స్నానానికి 5. పళ్లు తోముకోవడం, తల దువ్వుకోవడం, గడ్డం గీసుకోవడం అన్నిటికీ కలిపి 5. మిగిలిన ఆరింటికి పదేసి: తినడం, బట్టలు వేసుకోవడం, మల విసర్జన మీద అదుపు, మూత్రం మీద అదుపు, దొడ్డికెళ్లి శుభ్రం చేసుకోవడం, మెట్లెక్కడం. ఈ మార్కులు చూసి ఎవరూ పింఛను రాసెయ్యరు. ఇది మీ కళ్లు తెరవడానికి.

ఆ పట్టిక వాడకానికి ఒక నియమం ఉంది, దాని ప్రాణమంతా అందులోనే ఉందని నేననుకుంటాను. మనిషి ఏం చెయ్యగలడో కాదు, ఏం చేస్తున్నాడో రాయాలి. మా మావ సెల్యూట్ కొట్టగలడు. రోజూ తనంతట తాను లుంగీ కట్టుకుంటున్నాడా? లేదు, అత్త కడుతోంది. అయితే అత్త కడుతోందనే రాయాలి. ఆ రకంగా మళ్లీ కూర్చుని లెక్క వేస్తే మావకి వచ్చింది 25. నాకే గుండె ఝల్లుమంది. వారానికి రెండుసార్లు ఆ ఇంటికెళ్లే వాణ్ణి, అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పి వచ్చేవాణ్ణి. మనిషి మాట బాగానే ఉంది కదా, పర్వాలేదనుకునే వాణ్ణి.

అందుకని ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా చూసి రాయండి. గడియారం టైముతో రాయండి. "రాత్రి కష్టంగా ఉంది" అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ తెలీదు. "11:20కి మూత్రం, ఆవిడ లేచి పట్టింది. 1:45కి పక్క తడిసింది, దుప్పటి మార్చింది. 3:30కి పక్కకి తిప్పింది" అని రాస్తే వేరే వివరణ అక్కర్లేదు.

ఏం చూడాలంటే, స్నానం దగ్గర మొదలుపెట్టండి. మన ఊళ్లలో స్నానాల గది పెరట్లో ఉంటుంది, మధ్యలో రెండు మెట్లు, ఒక గడప, వానొస్తే పాచి. ఇంటి నుంచి అక్కడికి ఎలా వెళ్తున్నాడు, నీళ్లెవరు పోస్తున్నారు, వీపు ఎవరు రుద్దుతున్నారు? చాలా ఇళ్లలో పెరట్లోకి వెళ్లడం ఎప్పుడో మానేసి మంచం మీదే తడిగుడ్డతో తుడుస్తుంటారు. అడిగితే మాత్రం "స్నానం చేసేడు బాబూ" అనే చెప్తారు. అబద్ధమని కాదు, వాళ్ల లెక్కలో అదీ స్నానమే.

తినడం దగ్గర కూర్చుని చూడండి. నీళ్లు తాగిన వెంటనే పొలమారుతోందా, గొంతు గురగురలాడుతోందా? అది రాయండి, డాక్టరుకి విడిగా కూడా చెప్పండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా. గత మూడు నెలల్లో ఎన్నిసార్లు పడ్డాడో అడగండి. ఆయన్ని అడిగితే ఒక్కసారి కూడా లేదంటాడు, ఆవిణ్ణి అడగండి.

ఒంటి మీద పుండ్లు చూడటానికి సిగ్గుపడకండి. నడుం కింద ఎముక, తుంట్లు, మడమలు. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా పర్వాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉండిపోతే పడక పుండు మొదలైనట్టే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పే మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి ఎవరనేదే మన దరఖాస్తు అసలు విషయం.

మతిమరుపు ఉన్న కేసుల్లో పని వేరు. నడుస్తాడు, తింటాడు, బార్తెల్‌లో ఎనభై దాటుతుంది. అర్ధరాత్రి గేటు తీసుకుని "డ్యూటీ ఉంది" అని హైవే వైపు వెళ్లిపోతాడు. అలాంటప్పుడు ఒళ్లు కంటే కాపలా ముఖ్యం. ఎన్ని రోజులకోసారి బయటికి వెళ్లిపోయాడు, ఎక్కడ దొరికాడు, గ్యాస్ పొయ్యి ఎన్నిసార్లు వదిలేశాడు, అవి రాయాలి.

చివరిగా చూసుకునే మనిషి. ఎనభై ఏళ్ల ఆయన్ని డెబ్బై నాలుగేళ్ల ఆవిడ లేపుతోంది. ఆవిడ మోకాళ్ల సంగతి, బీపీ సంగతి ఎవరూ అడగరు. నేను ఒక పేజీ ఆవిడకే కేటాయిస్తాను. కొడుకులు హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో ఉంటే అదీ రాస్తాను. ఈ పేజీ రాస్తుంటే ఆడవాళ్లు ఏడుస్తారు. అప్పటిదాకా వాళ్లని ఎవరూ అడిగి ఉండరు.

రెండు ప్రశ్నలు

రాయడం అయ్యాక ఏ గుమ్మం తొక్కాలో తేల్చుకోవాలి. దానికి రెండే ప్రశ్నలు. ఆయనకి సైన్యం పెన్షన్ నెలనెలా వస్తోందా? ఇప్పుడున్న పరిస్థితి సర్వీసులో తగిలిన దెబ్బ వల్లో, సర్వీసు వల్ల ముదిరిన జబ్బు వల్లో వచ్చిందా, లేక ఇంటికొచ్చాక వచ్చిందా? చాలామంది ఈ రెండూ అడక్కుండానే మీసేవకి పరిగెత్తుతారు.

పెన్షనూ వస్తోంది, దెబ్బా సర్వీసుదే అయితే మీరు అడగాల్సింది కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్. ఎప్పుడూ పక్కన ఒక మనిషి ఉండాల్సిన వాళ్లకి ఇచ్చే భత్యం. వైకల్యం నూటికి నూరు శాతం ఉండాలి, పక్కన మనిషి తప్పనిసరి అని మెడికల్ బోర్డు రాయాలి, ఆ అవసరం బోర్డు ఒప్పుకున్న వైకల్యం వల్లే రావాలి. సర్వీసులో వెన్ను విరిగిన మనిషికి ముసలితనంలో చూపు పోయి సాయం కావాల్సొస్తే, ఆ చూపు ఇందులోకి రాదు. ఏడో పే కమిషన్ తర్వాత 2017 జూలై 1 నుంచి ఇది నెలకు 4,500 నుంచి 6,750 అయింది. డీఏ 50 శాతం పెరిగిన ప్రతిసారీ ఈ భత్యం 25 శాతం పెరగాలని నియమం, కాబట్టి ఇప్పుడెంత పడాలో సైన్యం పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లో చూసి సరిపోల్చుకోండి. ఆయన సర్కారు ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉన్న రోజులకి మాత్రం ఇది రాదు.

ఇక్కడ మా చిన్నాన్న సంగతి చెప్పాలి. కొండ ప్రాంతంలో బండి బోల్తా పడి వెన్నుకి దెబ్బ. బయటికొచ్చేటప్పుడు బోర్డు అరవై శాతం వేసింది. తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ కాళ్లు పూర్తిగా పడిపోయాయి. అరవైతో ఈ భత్యం రాదు. అయితే వైకల్యం శాశ్వతమని తేల్చిన కేసుల్లో కూడా, పరిస్థితి ముదిరితే మళ్లీ చూడమని పెన్షనరే అడగొచ్చు. రివ్యూ మెడికల్ బోర్డు పెడతారు. 2001 ఫిబ్రవరి 7 నాటి రక్షణ శాఖ ఉత్తర్వులో ఈ వీలుంది. కానీ అదే ఉత్తర్వులో ఇంకో మాట కూడా ఉంది: ఆ రివ్యూ బోర్డు వేసిన శాతమే ఆఖరు. అందుకే నోటుబుక్కు లేకుండా, కొత్త ఎంఆర్ఐ లేకుండా, "ఏదో ఓసారి పెట్టి చూద్దాం" అని రివ్యూ అడగొద్దు. చిన్నాన్న దరఖాస్తు నేను నాలుగు నెలలు ఆపాను. ఆయన నన్ను తిట్టాడు కూడా.

పెన్షన్ వస్తోంది గానీ పక్షవాతం ఇంటికొచ్చాక వచ్చిందంటే ఈ భత్యం దారి మూసుకున్నట్టే. బోర్డు కాగితాల్లో సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల పెరగలేదు అని ఉంటే దాన్ని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎన్ఏఎన్ఏ అంటారు, ఫౌజీలు "నానా" అంటారు. నానా పడిన కాగితం పట్టుకుని నానా గుమ్మాలూ తిరగాల్సిందేనని మా జోకు. ఇలాంటి ఇళ్లకి నేను చూసేది రెండు. ఒకటి ఈసీహెచ్ఎస్ కార్డు. మాజీ సైనికుల వైద్యం కోసం 2003లో వచ్చిన పథకం, డాక్టరు, మందులు, ఆసుపత్రి దాని పని. స్నానం చేయించే మనిషి జీతం ఆ ఖాతాలో వెతక్కండి. రెండోది వయసు. 80 నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకి నూరు శాతం. భర్త పోయి ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆడవాళ్లకి కూడా ఇదే లెక్క. చాలామంది పోగొట్టుకునే డబ్బు ఇదే. ఆవిడ పుట్టిన తేదీ పీపీఓలో, అంటే పెన్షన్ మంజూరు కాగితంలో లేకపోయినా, తప్పుగా ఉన్నా కంప్యూటర్‌కి ఆవిడ ఎప్పటికీ ఎనభైలోకి రాదు. ముందు ఆ తేదీ సరిచేయించండి. ఆయాకిచ్చే నెల జీతంలో సగం అందులోంచే రావచ్చు.

ఇక పెన్షనే లేని వాళ్లు. మా మావ ఎనిమిదేళ్లు చేసి ఇంటి పరిస్థితి బాగోక వచ్చేసిన మనిషి. "మనకేటొస్తాది" అని డిశ్చార్జ్ బుక్ ట్రంకు పెట్టె అడుగున పడేశాడు. ఇలాంటి వాళ్ల దగ్గర నేను ముందు చూసేది ఆ పుస్తకంలో రిజర్వులో ఎన్నేళ్లున్నాడో. పాత రోజుల్లో కలర్ సర్వీసూ (యూనిట్లో ఉండి చేసిన ఏళ్లు), రిజర్వూ (ఇంటికొచ్చాక పిలిస్తే వెళ్లాల్సిన ఏళ్లు) కలిపి పదిహేనేళ్లు నిండిన వాళ్లకి రిజర్విస్టు పెన్షన్ ఉండేది. అది లేదని తేలాకే మిగతావి. హవల్దారు హోదా వరకు చేసి, పెన్షన్ లేక, 65 దాటిన మాజీ సైనికుడికీ, అలాంటి వాళ్ల భార్య విధవరాలై ఉంటే ఆవిడకీ కేంద్రీయ సైనిక్ బోర్డు పెన్యూరీ గ్రాంటు, అంటే పేదరికంలో ఉన్నవాళ్లకిచ్చే సాయం ఇస్తుంది. నెలకి 4,000 ఉండేది, 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకి 8,000 చేశారు. దరఖాస్తు ఆన్‌లైన్లోనే, తనిఖీ మాత్రం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లది. శ్రీకాకుళం వెళ్లి వాళ్లతో ముఖాముఖీ మాట్లాడాకే అప్‌లోడ్ చెయ్యండి. ఏ పత్రం స్కాను మసకగా ఉన్నా వెనక్కొస్తుంది.

రాష్ట్రం వైపు ఎన్టీఆర్ భరోసా పింఛను. 2024 జూలై నుంచి దివ్యాంగులకి 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకి 15,000. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంతో చూశారుగా. మా మావ సెల్యూట్ ఖరీదు నెలకి తొమ్మిది వేలు. సదరం సర్టిఫికెట్ కావాలి, కనీసం 40 శాతం ఉండాలి. ఇంట్లో సర్కారు పెన్షన్ వచ్చే వాళ్లుంటే సాధారణంగా అర్హత ఉండదు, కాబట్టి సైన్యం పెన్షన్ తీసుకుంటూ సచివాలయంలో ఈ ఫారం నింపొద్దు, తర్వాత రికవరీ అంటారు. పెన్యూరీ గ్రాంటుకి వేరే ఆదాయం లేదని చూపాలి. అందుకని రెండిటికీ పెట్టే ముందు సంక్షేమ కార్యాలయంలో రెండూ చెప్పి అడగండి, ఒకటి దాచి ఇంకోటి అడగొద్దు.

మా ఉద్దానంలో ఇంకో బాధ ఉంది, అందరికీ తెలిసిందే. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ పోయిన వాళ్లలో మాజీ సైనికులూ ఉన్నారు. డయాలసిస్ మీద ఉన్న వాళ్లకి రాష్ట్రం పింఛను 10,000. ఈసీహెచ్ఎస్ ఉన్న వాళ్లు పాలీక్లినిక్ రిఫరల్ మీద చేయించుకోవచ్చు, లేని వాళ్లకి పలాస కిడ్నీ ఆసుపత్రి ఉంది. డయాలసిస్ అయిన రోజు మనిషి నీరసంతో లేవలేడు, మర్నాడు పొలం గట్టు దాకా నడుస్తాడు. నోటుబుక్కులో రెండు రోజులూ రాయండి. లేచిన రోజు చూసి "బాగానే ఉన్నాడు" అంటారు, పడుకున్న రోజు చూసి "ఇక లేవడు" అంటారు.

ఇంట్లో చూసే దిక్కే లేని వెన్నెముక కేసులకి పుణె దగ్గర ఖడ్కీలో, మొహాలీలో పారాప్లెజిక్ కేంద్రాలున్నాయి. చిన్నాన్నకి చెప్తే, "పూనా నాకెందుకురా, ఈ కొబ్బరి తోట చూసుకుంటా పోతాను" అన్నాడు. నేను ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కాగితాలు

డిశ్చార్జ్ బుక్, పీపీఓ, మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు కొబ్బరి చెట్లతో పాటు ట్రంకు పెట్టెలూ పోయాయి. తడిసి ముద్దైన డిశ్చార్జ్ బుక్కుల్ని వాకిట్లో ఇటుకలు పెట్టి ఆరబెట్టిన ఇళ్లు నాకు తెలుసు. పోయిందనుకుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సైన్యం రికార్డ్స్ ఆఫీసుకి రాయాలి. ఆర్మీ నంబరు గుర్తుంటే సగం పని అయినట్టే. నంబరు ఆయనకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదు, ఈ రోజే గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. మతిమరుపు వచ్చిన మనిషి కూడా భార్య పేరు మర్చిపోతాడు గానీ ఆర్మీ నంబరు గడగడా చెప్తాడు. అది మాత్రం నేను చాలాసార్లు చూశాను.

ఎక్కువ కేసులు ఆగేది పేర్ల దగ్గర. రికార్డుల్లో ఇంటిపేరు చివర ఉంటుంది, ఆధార్‌లో ముందుంటుంది. భార్య పేరు రికార్డుల్లో ఇంట్లో పిలిచే పేరుతో ఉంటుంది, ఓటరు కార్డులో ఇంకోటి. దీన్ని చివర్లో పెట్టుకుంటే ఆరు నెలలు పోతుంది, మొట్టమొదట సరిచేయించండి.

బోర్డు రోజు

మన జిల్లాలకి దగ్గరున్న సైనిక ఆసుపత్రి విశాఖలో ఐఎన్ఎచ్ఎస్ కల్యాణి. బోర్డు ఎక్కడ, ఎప్పుడు అన్నది వాళ్లు పంపే ఉత్తరంలో ఉంటుంది. ముందు రోజే వెళ్లండి. తెల్లవారుజామున పలాసలో రైలెక్కించి అదే పూట బోర్డు ముందు కూర్చోబెడితే మనిషి ప్రయాణం బడలికతో ఉంటాడు, నిజమైన స్థితి కనపడదు. పక్కన వచ్చేది రోజూ చూసుకునే మనిషే అయ్యుండాలి. పండక్కి వచ్చిన కొడుకు ఇంగ్లీషు బాగా మాట్లాడతాడని తీసుకెళ్తారు, "రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?" అని అడిగితే తల్లి మొహం చూస్తాడు.

నోటుబుక్కులోంచి ఒక్క పేజీలోకి ఎత్తి రాయండి. మొత్తం పుస్తకం ఎవరూ చదవరు. లేపడానికి ఎంతమంది, పగలు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, పుండ్లు ఎక్కడ, పడిన తేదీలు, చూసుకునే మనిషి వయసు. అంతే. నటన వద్దు. ఉన్నదానికన్నా ఎక్కువ చూపించాలని మనిషిని రెండు రోజులు స్నానం చేయించకుండా తెచ్చిన వాళ్లని చూశాను. డాక్టర్లు గుర్తుపడతారు. 2025లో రాష్ట్రంలో దివ్యాంగ పింఛన్లు మళ్లీ తనిఖీ చేశారు కూడా. ఒకరు చేసిన మోసం వల్ల నిజంగా పడుకున్న పదిమందిని అనుమానంగా చూస్తారు.

మాజీ సైనికుడితో మాత్రం కష్టం రెండో వైపు నుంచి వస్తుంది. యూనిట్లో సిక్ రిపోర్టుకి వెళ్లే వాణ్ణి పనిదొంగ అనేవాళ్లు. ఇరవై ఏళ్లు అలా బతికిన మనిషి తెల్ల కోటు కనపడితే "ఠీక్ హూఁ సాబ్" తప్ప ఇంకో మాట అనలేడు. చిన్నాన్నకి నేను ఎన్ని విధాల చెప్పినా, "నేను అడుక్కోను" అన్నాడు. ఆఖరికి వెళ్లే ముందు రోజు రాత్రి వేరే మాట తట్టింది. "చిన్నాన్నా, గస్తీ నుంచి వచ్చాక రిపోర్టు ఇచ్చే వాడివి కదా. ఇద్దరికి దెబ్బలు తగిలితే అందరూ బాగున్నారని ఇచ్చావా ఎప్పుడైనా?" అని అడిగాను. "తప్పుడు రిపోర్టిస్తే కోర్టు మార్షల్‌రా" అన్నాడు. "రేపు కూడా రిపోర్టే" అన్నాను. ఏమీ మాట్లాడలేదు, గోడ వైపు తిప్పమన్నాడు.

మర్నాడు బోర్డులో "రోజు ఎలా గడుస్తుంది?" అని అడిగారు. చిన్నాన్న హిందీలో, మునుపటి గొంతుతో, ఒకటొకటిగా చెప్పాడు. నడుం కింద స్పర్శ లేదు. గొట్టం ద్వారా మూత్రం. రాత్రి నాలుగుసార్లు తిప్పుతుంది, నా భార్య, వయసు అరవై ఎనిమిది. ఆమె పడిపోతే నేను మంచం మీదే ఉండిపోతాను. చెప్పి "రిపోర్ట్ ఖతం, సాబ్" అన్నాడు. రాసుకుంటున్న ఆఫీసరు తలెత్తి ఆయన్ని కాసేపు చూశాడు.

మీ ఇంట్లో వాళ్లకి ఏ మాట పనిచేస్తుందో మీరే వెతుక్కోవాలి. ఆ మాట దొరక్కుండా క్యాంపుకి తీసుకెళ్లొద్దు. సదరం డాక్టరైనా, మిలటరీ బోర్డైనా వాళ్లకి మీరు దొరికేది కొద్ది నిమిషాలే.

కాదంటే

కారణం రాతపూర్వకంగా తీసుకోండి, కౌంటర్ దగ్గర నోటిమాట పనికిరాదు. సైన్యం వైపు వైకల్యం క్లెయిము తిరస్కరిస్తే మొదటి అప్పీలుకి ఆరు నెలల గడువు, దాని మీద రెండో అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మనం చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాం. గడువు లెక్క ఉత్తరం చేతికందిన తేదీ నుంచి చూసుకోవాలి గనక కవరు కూడా దాచండి, పోస్టు ముద్ర కోసం. సదరంలో శాతం తక్కువ పడితే మళ్లీ పరీక్షకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మావకి అలాగే చేశాం. రెండోసారి ఫిజియోథెరపిస్టు చేత రాయించిన కాగితం, నా ఒక్క పేజీ పట్టుకెళ్లాం, అత్త మాట్లాడింది. మావ సెల్యూట్ కొట్టాడు గానీ కుర్చీలోంచే. ఆర్నెల్ల ఆలస్యం మీద పదిహేను వేల పింఛను మొదలైంది. ఆ ఆర్నెల్లవి ఎవరూ తిరిగివ్వరు.

డబ్బు వచ్చాక మనిషిని వెతకడం ఇంకో పని. విశాఖ ఏజెన్సీ వాళ్లు చెప్పిన రేటు విని చిన్నమ్మ ఫోను పెట్టేసింది. ఊళ్లోనే ఒకావిణ్ణి పొద్దుట మూడు గంటలు, రాత్రి పడుకోవడానికి పెట్టుకున్నాం. మొదటి వారం నేనే పక్కనుండి చూపించాను: దుప్పటితో ఎలా జరపాలి, నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎలా ఎత్తాలి, మూత్రం సంచి ఎప్పుడూ మంచం కన్నా కిందే ఎందుకుండాలి. జీతం ఇచ్చిన ప్రతి నెలా చిన్న రసీదు మీద వేలిముద్ర తీసుకుంటున్నాం. భత్యం ఎందుకు ఖర్చవుతోందని రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

ఇంకొకటి మర్చిపోవద్దు, లైఫ్ సర్టిఫికెట్. నవంబరులో ఇవ్వాలి, ఎనభై దాటిన వాళ్లయితే అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. మంచాన ఉన్న మనిషిని ఆటోలో బ్యాంకుకి తీసుకెళ్లాల్సిన పని లేదు. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తాడు, లేదా స్మార్ట్‌ఫోన్‌లో మొహం చూపించి ఇంట్లోంచే చెయ్యొచ్చు. పోయిన నవంబరులో చిన్నాన్నది నా ఫోన్లోనే చేశాను. దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, కిటికీ తీసి వెలుతురు పడేలా చేశాను. నాలుగుసార్లు ఫెయిలైంది. కెమెరా ఎదురుగా కనపడగానే ఆయన గడ్డం ఎత్తి, కళ్లు నిలబెట్టి, సావధాన్‌లో ఉన్నట్టు బిగుసుకుపోతున్నాడు. ఆ యాప్‌కేమో కళ్లు ఆర్పాలి.

"కళ్లు ఆర్పు చిన్నాన్నా" అన్నాను.

"విశ్రామ్ అని చెప్పరా ముందు" అన్నాడు.

చెప్పాను. ఐదోసారికి అయింది.